పళ్ళు తెల్లబరిచే ట్రేలు, గార, ఫ్లోరైడ్ మచ్చలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండ వైపు దంతవైద్యం చేస్తున్నప్పుడు పళ్ళ రంగు గురించిన ప్రశ్న రాని రోజు ఉండదు. పెళ్ళిచూపులున్నాయని వచ్చేవాళ్ళు, ఇంటర్వ్యూ ఉందని వచ్చేవాళ్ళు, అమెరికా నుంచి సెలవు మీద వచ్చి తిరిగి వెళ్ళేలోపు పని అయిపోవాలనేవాళ్ళు, ఫోన్‌లో పళ్ళ ఫొటో పంపి "డాక్టర్ గారూ, దీనికి ఏ జెల్ వాడమంటారు" అనేవాళ్ళు. అందరినీ నేను ముందు అడిగేది ఒకటే, ఆ రంగు ఎప్పటి నుంచి ఉంది, ఎలా వచ్చింది అని. అది తేలకుండా ఏ జెల్ వాడినా డబ్బు దండగ, ఒక్కోసారి పన్నుకి నష్టం కూడా. ఇక్కడ ట్రే అంటే పళ్ళ మీద ఎక్కించుకునే పల్చటి ప్లాస్టిక్ తొడుగు, అందులో పెరాక్సైడ్ అనే తెల్లబరిచే మందున్న జెల్ వేసి పెట్టుకుంటారు. కింది జవాబులు చదివి మీ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, చదివేశాం కదా అని వెళ్ళడం మానకండి.

నా పళ్ళు పచ్చగా ఉన్నాయి. ట్రే పెట్టుకుంటే తెల్లబడతాయా?

ఆ పచ్చదనం పన్ను పైన ఉందా, లోపల ఉందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. టీ, కాఫీ, కిళ్ళీ, జర్దా, సిగరెట్ వల్ల పట్టే గార పైనే ఉంటుంది. కింది ముందు పళ్ళ వెనక వైపు నాలుకతో తడిమి చూడండి, గరుకుగా తగిలితే అది గారే. దానికి ట్రే అక్కర్లేదు, స్కేలింగ్ చేయించుకుని పాలిష్ పెట్టించుకుంటే చాలావరకు ఒక్క పూటలో పోతుంది. చిగుళ్ళ జబ్బుకి కొన్నాళ్ళు వాడమని ఇచ్చే క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్‌ని ఆపకుండా నెలల తరబడి పుక్కిలిస్తే గోధుమ రంగు పడుతుంది. రక్తం తక్కువగా ఉందని పిల్లలకి పట్టే ఐరన్ సిరప్ వల్ల పళ్ళు నల్లబడతాయి. ఇవి కూడా పైపైవే, క్లీనింగ్‌తో పోతాయి, కాబట్టి పిల్లలకి సిరప్ మాత్రం ఆపకండి.

లోపలి రంగు సంగతి వేరు. పన్ను పై పొర అయిన ఎనామెల్ నుంచి వెలుతురు లోపలికి వెళ్తుంది, దాని కింద ఉండే డెంటిన్ అనే పొర స్వతహాగా పసుపు. వయసు పెరిగేకొద్దీ ఎనామెల్ అరిగి పల్చబడుతుంది, లోపల డెంటిన్ మందమవుతుంది, అందుకే యాభైలో పళ్ళు ఇరవైలో ఉన్నంత తెల్లగా ఉండవు. ఈ వయసు పసుపు మీద ట్రే బాగా పనిచేస్తుంది. బూడిద రంగు, నీలం కలిసిన రంగు మొండివి, వాటికి చాలా ఓపిక కావాలి. సినిమా వాళ్ళ ఫొటో చూపించి అంత తెలుపు కావాలంటే మాత్రం ట్రేతో రాదు, అలాంటివి చాలావరకు వెనీర్లు, అంటే పన్ను ముందు వైపు అతికించే పల్చటి పెంకులు, లేదంటే ఫొటోలో దిద్దినవి.

డాక్టర్ చేయించే ట్రేకీ, ఆన్‌లైన్‌లో దొరికే ట్రేకీ తేడా ఏంటి?

తేడా అంతా అంచులో ఉంటుంది. మీ కొలతతో చేసే ట్రేకి ముందుగా ఆల్జినేట్ అనే పొడిని నీళ్ళలో కలిపి, ఆ ముద్దని అచ్చు తీసే ట్రేలో నింపి మీ పళ్ళ మీద నొక్కి పెడతాం. చల్లగా ఉంటుంది, రెండు మూడు నిమిషాల్లో గట్టిపడుతుంది. వాంతి అవుతుందేమోనని భయపడేవాళ్ళు తల కొంచెం ముందుకి వంచి ముక్కుతో గాలి పీలుస్తుంటే చాలు, గడిచిపోతుంది. ఆ అచ్చులో డెంటల్ స్టోన్ అనే గట్టిపడే ముద్ద పోసి మీ పళ్ళ నమూనా తీస్తాం. ఇప్పుడు కొన్ని క్లినిక్‌లలో అచ్చు బదులు నోట్లో స్కానర్ తిప్పి నమూనాని త్రీడీ ప్రింట్ చేస్తున్నారు, అదీ మంచిదే.

తర్వాత దాదాపు 1 మిల్లీమీటరు మందం ఉన్న ఈవీఏ అనే మెత్తటి ప్లాస్టిక్ షీటుని మెషీన్‌లో బిగించి వేడి చేస్తాం. అది మెత్తబడి మధ్యలో కిందికి వేలాడుతుంది, సరిగ్గా ఆ క్షణంలో నమూనా మీదికి దించి కింది నుంచి గాలి లాగేస్తే షీటు ప్రతి పన్ను వంపుకీ అతుక్కుపోతుంది. చల్లారాక సన్న కత్తెరతో చిగురు గీత వెంబడి కత్తిరిస్తారు, అసలు పనితనం ఇక్కడే ఉంది. అంచు చిగురు మీదికి ఎక్కితే జెల్ అక్కడ చేరి చిగురుని కాలుస్తుంది. మరీ పొట్టిగా కోస్తే ఉమ్మి లోపలికి పోయి జెల్‌ని పల్చన చేస్తుంది. ట్రే చేతికి ఇచ్చినప్పుడు అంచంతా వేలితో తడిమి చూసుకోండి, పెట్టుకున్నాక ఎక్కడైనా గుచ్చుకుంటే అక్కడికక్కడే సరిచేయించుకోండి, ఇంటికెళ్ళి గోళ్ళ కట్టర్ తీయకండి. జెల్ నిలవడానికి ట్రే లోపల చిన్న అరలు పెట్టించారా అని కొందరు అడుగుతుంటారు, అరలు ఉన్నా లేకపోయినా ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా రాదు.

వేడినీళ్ళలో ముంచి కొరికే రెడీమేడ్ ట్రే మందంగా, వదులుగా ఉంటుంది. దానికి జెల్ ఎక్కువ పడుతుంది, ఆ ఎక్కువంతా చిగుళ్ళ మీదికీ గొంతులోకీ పోతుంది. అయినా నన్ను ఎక్కువ బాధపెట్టేది ట్రే కాదు, ఆ డబ్బా కొన్నవాళ్ళ నోరు ముందుగా ఎవరూ చూసి ఉండకపోవడం. పిప్పి పన్ను ఉందని తెలియక దాని మీద పెరాక్సైడ్ పెట్టుకుంటే ఆ నొప్పి ఎలా ఉంటుందో పడినవాళ్ళకే తెలుసు.

ఈ పద్ధతి ఎప్పటి నుంచి ఉంది? సురక్షితమేనా?

1960ల చివర్లో అమెరికాలోని ఆర్కన్సాస్‌లో పళ్ళ వరస సరిచేసే డాక్టర్ ఒకరు, చిగుళ్ళు మానడానికని 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ మందుని రాత్రి పెట్టుకునే ట్రేలో వేయించారు. చిగుళ్ళతో పాటు పళ్ళ రంగు కూడా మారడం గమనించారు. చాలా ఏళ్ళు ఇది డాక్టర్లు ఒకరికొకరు చెప్పుకునే సంగతిగానే ఉండిపోయింది. 1989లో హేవుడ్, హేమన్ అనే ఇద్దరు దంతవైద్యులు దీన్ని పద్ధతి ప్రకారం రాసి ప్రచురించాక ప్రపంచమంతా వాడకంలోకి వచ్చింది. అంటే ఈ 10 శాతం జెల్ వెనక దశాబ్దాల అనుభవం ఉంది. డాక్టర్ చూసి, ఆరోగ్యంగా ఉన్న పళ్ళకి, చెప్పినంత కాలం వాడితే భయపడాల్సిన పని లేదు.

జెల్ మీద 10, 16, 20, 35 అని ఉంటాయి. ఎక్కువ శాతం అయితే త్వరగా తెల్లబడతాయి కదా?

కొంచెం త్వరగా మొదలవుతుంది, అంతే. చివరికి చేరే తెలుపు దాదాపు ఒకటే, కాకపోతే శాతం పెరిగేకొద్దీ పళ్ళు జివ్వుమనడం పెరుగుతుంది. ఇంకో సంగతి, డబ్బా మీద ఉన్నది కార్బమైడ్ పెరాక్సైడా, హైడ్రోజన్ పెరాక్సైడా అన్నది తప్పకుండా చూడండి. 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ నోట్లో విడిపోతే వచ్చేది సుమారు 3.5 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్, మిగతాది యూరియా. రెండు డబ్బాల మీదా 10 అనే ఉన్నా రెండోది హైడ్రోజన్ పెరాక్సైడ్ అయితే దాని బలం దాదాపు మూడింతలు.

ఈ పెరాక్సైడ్ అణువులు చాలా చిన్నవి, ఎనామెల్‌ని దాటి డెంటిన్ దాకా కొద్ది నిమిషాల్లోనే చేరతాయి, అక్కడ రంగునిచ్చే పదార్థాలని విడగొడతాయి. పన్నుని గీకడం, అరగదీయడం ఏమీ ఉండదు. కార్బమైడ్ నెమ్మదిగా విడుదలవుతుంది, రెండు గంటల తర్వాత కూడా ట్రేలో దాదాపు సగం బలం మిగిలే ఉంటుంది. అందుకే రాత్రంతా పెట్టుకుని పడుకోవడానికి 10 శాతమే సరైనది. 35 శాతం జెల్‌ని అరగంట పెట్టుకోమని రాసి ఉంటే అరగంటే, దాన్ని రాత్రంతా ఉంచితే తెల్లవారి ఫోన్ చేయాల్సి వస్తుంది. ఎవరు అడిగినా నేను 10 శాతంతోనే మొదలుపెట్టమంటాను.

రాత్రి ఎలా పెట్టుకోవాలి? మొదటిసారి టెన్షన్‌గా ఉంది.

టెన్షన్ పడేంత ఏమీ లేదు. భోజనమయ్యాక బ్రష్ చేసుకుని, పళ్ళ మధ్య దారంతో శుభ్రం చేసుకోండి. ట్రే పొడిగా ఉండాలి. సిరంజి మొనని ట్రేలో ముందు వైపు గోడకి, అంటే పెదవి వైపుకి ఆనించి, ఒక్కో పన్ను గుంటలో చిన్న చుక్క పెడుతూ వెళ్ళండి. నవ్వితే కనిపించే పళ్ళ వరకు చాలు, దవడ పళ్ళకి అక్కర్లేదు. ట్రే ఎక్కించి, బయటి నుంచి వేలితో మెల్లగా నొక్కితే జెల్ పన్ను మీద పరుచుకుంటుంది. అంచు దాటి చిగురు మీదికి వచ్చిందాన్ని మెత్తటి బ్రష్‌తోనో శుభ్రమైన వేలితోనో తుడిచేయండి. ఈ తుడవడం బద్ధకించకండి, చిగుళ్ళ మంటలు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి. తర్వాత ఒకసారి పుక్కిలించి ఉమ్మేయండి, ఆ పైన తినడం తాగడం వద్దు.

పొద్దున ట్రే తీసి, మామూలుగా బ్రష్ చేసుకుని, పళ్ళకి అంటుకున్న జెల్ పోయేదాకా పుక్కిలించండి. నిద్రలో కొంచెం జెల్ మింగినా ఏమీ కాదు, కొందరికి కడుపులో కాస్త తిప్పినట్టుంటుంది. అలా ఉంటే రాత్రి మానేసి సాయంత్రం మెలకువగా ఉన్నప్పుడే రెండు గంటలు పెట్టుకోండి.

నా సలహా, ముందు పై పళ్ళకే మొదలుపెట్టండి. కింది వరస పాత రంగులోనే ఉంటుంది కాబట్టి ఎంత మారిందో అద్దంలో మీకే తెలుస్తుంది. రెండూ ఒకేసారి చేస్తే రోజూ చూసుకునే కళ్ళకి మార్పు కనిపించదు, ఏమీ అవ్వట్లేదని జెల్ పెంచేస్తారు.

ఎన్ని రోజులు పడుతుంది?

మామూలు పసుపుకి రెండు వారాలు, కొందరికి ఆరు వారాల దాకా. సిగరెట్, చుట్ట వల్ల లోపలికి ఇంకిన రంగుకి ఒకటి నుంచి మూడు నెలలు. చిన్నప్పుడు వాడిన టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వల్ల వచ్చిన రంగుకి నెలలు. మొదలుపెట్టే రోజు డాక్టర్ షేడ్ గైడ్ పట్టి మీ రంగుని రాసుకుంటారు, ఏ, బీ, సీ, డీ అని నాలుగు వర్గాలుగా 16 పళ్ళ నమూనాలుంటాయి అందులో. ఆ నమూనా పక్కన పెట్టి మీ ఫోన్‌తోనే పగటి వెలుతురులో ఒక ఫొటో తీయించుకోండి. కోర పళ్ళు పుట్టుకతోనే పక్కవాటికన్నా ముదురుగా ఉంటాయి, అవి చివర్లో మారతాయి. వాటిని చూసి నిరాశపడకండి.

పళ్ళు జివ్వుమంటున్నాయి. ఆపేయాలా?

ఒక రోజో రెండు రోజులో ఆపండి, పూర్తిగా మానేయక్కర్లేదు. చల్లటి నీళ్ళు తాగినా, గాలి పీల్చినా జివ్వుమనడం మామూలే, ఒక్కోసారి ఏమీ తగలకుండానే ముందు పన్నులో సూదితో పొడిచినట్టు క్షణకాలం అనిపించి పోతుంది. జెల్ ఆపిన కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. పొటాషియం నైట్రేట్ ఉన్న సెన్సిటివ్ పేస్టుని జెల్ మొదలుపెట్టడానికి రెండు వారాల ముందు నుంచే బ్రష్‌కి వాడితే ఈ బాధ బాగా తగ్గుతుంది. అదే పేస్టుని ట్రేలో సన్నగా పూసి పది నిమిషాల నుంచి అరగంట వరకు పెట్టుకోవడం ఇంకా మంచి ఉపాయం, కాకపోతే నురగ ఎక్కువ వచ్చే పేస్టు వద్దు, చిగుళ్ళు మండుతాయి. తర్వాత రోజు విడిచి రోజు వాడుకోండి.

రెండు మూడు రోజులు ఆపినా తగ్గకుండా ఒకే పన్ను లాగుతుంటే, రాత్రి నిద్ర పట్టకుండా చేస్తుంటే, దాన్ని జెల్ వల్లే అనుకుని వదిలేయకండి. ఆ పన్నులో పుచ్చో, పగులో ఉండొచ్చు, ఎక్స్‌రే తీయించుకోవాలి.

చిగురు మీద తెల్లటి మచ్చ వచ్చింది, మండుతోంది.

జెల్ తగిలి కాలింది. నీళ్ళతో బాగా పుక్కిలించి ఆ రోజుకి ట్రే వదిలేయండి, మామూలుగా ఒకటి రెండు రోజుల్లో పోతుంది. మళ్ళీ అక్కడే వస్తుంటే ట్రే అంచు కత్తిరించాల్సి ఉంటుంది, జెల్ కూడా తగ్గించాలి.

మాది నల్గొండ జిల్లా, చిన్నప్పటి నుంచి పళ్ళ మీద ఫ్లోరైడ్ మచ్చలున్నాయి. ట్రేతో పోతాయా?

దీనికి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రశ్న అడిగేవాళ్ళలో చాలామంది ఏళ్ళ తరబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వినవాళ్ళు. కొందరు కాలేజీ గ్రూప్ ఫొటోలో కూడా పెదాలు బిగించే ఉంటారు. వాళ్ళకి బ్రష్ చేయడం రాదని ఊళ్ళో అందరూ అన్న మాటలే గుర్తు. అది పూర్తిగా తప్పు. ఫ్లోరైడ్ మచ్చ ఎంత శుభ్రంగా ఉన్నవాళ్ళకైనా వస్తుంది, మీ తప్పు ఇసుమంత కూడా లేదు.

జరిగేది ఇది. శాశ్వత పళ్ళు చిగురు కింద తయారయ్యే వయసులో, అంటే పుట్టినప్పటి నుంచి సుమారు ఎనిమిదేళ్ళ వరకు, తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎనామెల్ గట్టిగా తయారవదు, సన్నటి రంధ్రాలతో ఉంటుంది. బయటికి వచ్చినప్పుడు సుద్ద తెలుపులో ఉంటుంది, తర్వాత ఏళ్ళు గడిచేకొద్దీ ఆ రంధ్రాల్లోకి రంగు ఇంకి గోధుమ చారలవుతాయి. మన దేశ ప్రమాణం ప్రకారం నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్ళు లేకపోతే 1.5 వరకు. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ అంతకు ఎన్నో రెట్లు ఉన్న ఊళ్ళు మన దగ్గర ఉన్నాయి. ఈ ఫ్లోరైడ్ జబ్బు సంగతి మన దేశంలో 1937లోనే అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ నెల్లూరు జిల్లా నుంచి డాక్టర్లు రాశారు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేస్తే దానికి నల్గొండ టెక్నిక్ అని మన జిల్లా పేరే పెట్టారు. మిషన్ భగీరథతో కృష్ణా నీళ్ళు వచ్చాక పుట్టిన పిల్లల పళ్ళు మెరుగ్గా ఉండే అవకాశం బాగా పెరిగింది, కానీ బోరు నీళ్ళు తాగి పెరిగిన తరం పళ్ళు ఆ నీళ్ళతో మారవు. కనిగిరి వైపు వాళ్ళకి కూడా ఇదే మాట.

ఇప్పుడు ట్రే సంగతి. గోధుమ రంగు తర్వాత ఇంకింది కాబట్టి పెరాక్సైడ్‌కి లొంగుతుంది, కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో చాలామందికి ఆ రంగు బాగా తగ్గుతుంది. తెల్ల సుద్ద మచ్చ రంగు కాదు, ఎనామెల్ నిర్మాణమే అలా ఉంది, జెల్ దాన్ని తీసేయలేదు. పైగా మొదటి వారం ఆ తెల్ల మచ్చలు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. అప్పుడే భయపడి చాలామంది ఆపేస్తారు. ఆగకండి, చుట్టూ ఉన్న పన్ను తెల్లబడేకొద్దీ తేడా తగ్గి మచ్చ కలిసిపోయినట్టు అవుతుంది.

మిగిలిన మచ్చకి వేరే దారులున్నాయి. మైక్రోఅబ్రేషన్‌లో ఆమ్లం కలిసిన పేస్టుతో పై పొరని అతి సన్నగా రుద్ది తీస్తారు. రెసిన్ ఇన్‌ఫిల్ట్రేషన్‌లో రెసిన్ అనే పల్చటి ద్రవాన్ని ఆ రంధ్రాల్లోకి ఇంకిస్తారు, మచ్చ కళ్ళ ముందే మసకబారుతుంది. గుంటలు పడి, అంచులు పెచ్చులూడిన పళ్ళకి మాత్రం కాంపోజిట్ అనే పన్ను రంగు సిమెంట్‌తో పూడ్చడమో వెనీరో వేయాలి. నా అభిప్రాయంలో వరస ఇలా ఉండాలి: ముందు ట్రే, తర్వాత మైక్రోఅబ్రేషన్ లేదా ఇన్‌ఫిల్ట్రేషన్, అప్పటికీ చాలకపోతేనే పన్ను అరగదీసే పని. ఇరవై ఏళ్ళ పిల్లకి మొదటి రోజే ముందు పళ్ళన్నీ అరగదీసి క్యాపులు వేద్దామంటే ఒప్పుకోకండి, ఇంకో డాక్టర్‌ని కూడా అడగండి. అరిగిన ఎనామెల్ మళ్ళీ రాదు, ఆ క్యాపుల్ని జీవితంలో ఎన్నిసార్లో మార్చుకోవాల్సి వస్తుంది.

ఫ్లోరైడ్ పళ్ళవాళ్ళు ఫ్లోరైడ్ పేస్టు మానేయాలా? నీళ్ళు మరిగించి తాగితే?

పెద్దవాళ్ళకి పేస్టు వల్ల మచ్చ పెరగదు, పళ్ళు ఎప్పుడో తయారైపోయాయి, పైగా పుచ్చకుండా కాపాడుతుంది. మూడేళ్ళలోపు పిల్లలకి బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ళ వరకు బఠాణీ గింజంత పేస్టు చాలు, మింగకుండా ఉమ్మేయడం నేర్పించండి. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఆవిరై అది ఇంకా చిక్కబడుతుంది. ఆర్ఓ తీస్తుంది.

మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు. స్కూల్లో ఏడిపిస్తున్నారు. ట్రే పెట్టొచ్చా?

18 నిండేదాకా సాధారణంగా ఆగమంటాను. ఆ వయసులో పన్ను లోపలి నరం ఉన్న గది పెద్దగా ఉంటుంది, బాధ ఎక్కువ. యూరప్‌లో అయితే 18 లోపు వాళ్ళకి ఇవ్వకూడదని నిబంధనే ఉంది. కానీ ఏడిపించడం చిన్న విషయం కాదు. మచ్చ బాగా కనిపించే ముందు పళ్ళకి మైక్రోఅబ్రేషన్ లాంటివి ఏమైనా చేయొచ్చేమో పిల్లల దంతవైద్యుడికి చూపించండి. "పెద్దయ్యాక చూద్దాంలే" అని పంపేయడం ఆ పిల్లకి న్యాయం కాదు.

దెబ్బ తగిలాక ఒక్క ముందు పన్ను నల్లబడింది.

నరం చచ్చిపోయి ఉండొచ్చు. బయటి నుంచి ట్రే పెట్టడం దీనికి మొదటి పని కాదు. ఎక్స్‌రే, అవసరమైతే రూట్ కెనాల్, ఆ తర్వాత పన్ను లోపలే తెల్లబరిచే మందు పెట్టి మూసి, కొన్ని రోజులకోసారి మార్చే పద్ధతి ఉంది. ఒక్క పన్ను కోసం క్యాప్ వేసేయక్కర్లేదని గుర్తుంచుకోండి.

ముందు పన్నుకి సిమెంట్ పెట్టించుకున్నాను, పక్కది క్యాప్. అవి కూడా తెల్లబడతాయా?

తెల్లబడవు. పన్ను మారుతుంది, సిమెంట్, క్యాప్, వెనీర్ పాత రంగులోనే ఉంటాయి, అప్పుడు అవే ఎత్తి కనిపిస్తాయి. తెల్లబరచడం పూర్తయ్యాక మార్పించుకోవాలి, ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. జెల్ ఆపిన వెంటనే కొత్త సిమెంట్ పెట్టకూడదు, పన్నులో మిగిలిన ఆక్సిజన్ వల్ల అది గట్టిగా అతుక్కోదు. కనీసం రెండు వారాలు ఆగాలి, ఈలోపు రంగు కూడా ఒక చోట నిలబడుతుంది.

చిన్నప్పుడు జ్వరానికి మందులు వాడితే పళ్ళు బూడిద రంగయ్యాయి.

టెట్రాసైక్లిన్ అయి ఉండొచ్చు, పన్నుకి అడ్డంగా పట్టీల్లా కనిపిస్తుంది. పళ్ళు తయారయ్యే వయసులో వాడితే లోపల డెంటిన్‌లోనే కలిసిపోతుంది. 10 శాతం జెల్ రాత్రిళ్ళు రెండు నుంచి ఆరు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. చిగురు దగ్గర ముదురుగా ఉంటే పూర్తిగా పోదు. అంత ఓపిక ఉందా అని మిమ్మల్ని మీరే అడిగి చూసుకుని మొదలుపెట్టండి.

మా అమ్మమ్మది శ్రీకాకుళం, అడ్డపొగ తాగేది. పళ్ళు నల్లగా ఉన్నాయి, తెల్లబరచొచ్చా?

రంగు పక్కన పెట్టండి, ముందు ఆవిడ అంగిలి చూపించండి. చుట్ట నిప్పు కొసని నోట్లో పెట్టుకుని తాగే అలవాటు ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్ళలో ఎక్కువ, ఆ వేడి, పొగ నేరుగా అంగిలికి తగులుతాయి, అక్కడ క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉంది. తెల్ల పొర, ఎర్ర మచ్చ, మానని పుండు, ఏది కనిపించినా ఆలస్యం చేయకండి. గుట్కా, ఖైనీ వాడేవాళ్ళకీ ఇంతే. నోరు సరిగా తెరుచుకోకపోతే, కారం తగిలితే భగ్గుమంటుంటే తెల్లబరచడం మాట ఎత్తకుండా నోరు పరీక్ష చేయించుకోండి. అలవాటు మానకుండా జెల్ వాడితే తెచ్చుకున్న తెలుపు నిలవదు కూడా.

బొగ్గు, ఉప్పు, నిమ్మరసం, వంటసోడా? మా తాతగారు వాటితోనే తోముకునేవారు.

బొగ్గు, ఇటుక పొడి, గరుకు పళ్ళపొడి గారని గీకేస్తాయి, ఆ రోజు తెల్లగానే కనిపిస్తాయి. కానీ ఎనామెల్‌ని కూడా అరగదీస్తాయి, అరిగేకొద్దీ లోపలి పసుపు బయటపడుతుంది, అంటే తెలుపు కోసం చేసి పసుపు తెచ్చుకున్నట్టు. నిమ్మరసం నేరుగా రుద్దడం అన్నిటికంటే చెడ్డది, ఆమ్లం ఎనామెల్‌ని కరిగిస్తుంది. మన దేశంలో పేస్టులో, పళ్ళపొడిలో పొగాకు కలపడాన్ని 1992లో నిషేధించారు, అయినా అలాంటి పొడులు ఇళ్ళల్లో కనిపిస్తూనే ఉంటాయి, అలవాటు పడితే మానడం కష్టం. వేప పుల్ల మెత్తగా నమిలి మెల్లగా తోముకుంటే తప్పు లేదు, రంగు మార్చదు మరి.

పెళ్ళి ముహూర్తం దగ్గరలో ఉంది. ఎప్పుడు మొదలుపెట్టాలి?

కనీసం రెండు నెలల ముందు. స్కేలింగ్, పిప్పి పళ్ళ పని, ట్రే తయారీ మొదటి వారం తినేస్తాయి, తర్వాత జెల్‌కి మూడు నాలుగు వారాలు. ముహూర్తానికి రెండు వారాల ముందే ఆపేయాలి, ఆపిన కొత్తలో రంగు ఒక మెట్టు వెనక్కి వచ్చి నిలబడుతుంది. వారమే ఉందంటే క్లినిక్‌లో 35 శాతం పైబడిన హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో ఒక సిటింగ్ చేయించుకోవచ్చు. ఆ రోజు పన్ను ఎండిపోయి ఉండటం వల్ల అసలుకన్నా తెల్లగా కనిపిస్తుంది, రెండు రోజుల్లో కాస్త తగ్గుతుంది. ముందురోజు మాత్రం చేయించుకోకండి, పళ్ళు లాగుతూ పీటల మీద కూర్చోవడం బాధ.

నీలం లైటు పెడితే ఇంకా తెల్లబడతాయట?

లైటు వల్ల అదనంగా వచ్చేది దాదాపు ఏమీ లేదు, పని చేసేది జెల్. లైటు ఉందని ఎక్కువ డబ్బులు ఇవ్వకండి. బ్యూటీ పార్లర్‌లో అసలు వద్దు. యూకేలో ఉండే మనవాళ్ళకి ఒక మాట, అక్కడ రిజిస్టరైన దంతవైద్య నిపుణులు కాకుండా ఇంకెవరు ఈ పని చేసినా చట్ట విరుద్ధం, జెల్ కూడా 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ దాటకూడదు. ఇక్కడి నుంచి సూట్‌కేసులో ఎక్కువ శాతం జెల్ తీసుకెళ్ళే బదులు అక్కడే చేయించుకోండి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు?

వాయిదా వేసుకోండి. తొందర లేని పని ఇది.

ట్రే పెట్టుకునే రోజుల్లో కాఫీ, ఆవకాయ, పసుపు వేసిన కూరలు మానేయాలా?

మనింట్లో పసుపు లేకుండా వంట అవదు, అన్నీ మానేసి పెరుగన్నం మీద బతకమని నేను చెప్పను. ఆహారం వల్ల పడే తేడా చిన్నదే. ట్రే తీసిన వెంటనే కాఫీ గ్లాసు ఎత్తకుండా ఒక గంట ఆగండి, తిన్నాక నీళ్ళతో పుక్కిలించండి, సోడాలు, కూల్‌డ్రింకులు తగ్గించండి, ఎందుకంటే ఆ ఆమ్లానికి పళ్ళు జివ్వుమంటాయి. సిగరెట్ మాత్రం పూర్తిగా ఆపండి.

క్లిప్ తీశాక ఇచ్చిన రిటైనర్‌లోనో, పళ్ళ వరస సరిచేసే పారదర్శక తొడుగు అలైనర్‌లోనో జెల్ వేసుకోవచ్చా?

డాక్టర్ ఒప్పుకుంటే వేసుకోవచ్చు. కాకపోతే అలైనర్ కోసం పళ్ళ మీద అతికించిన చిన్న బుడిపెల కింద రంగు మారదు, అవి తీశాక అక్కడ తేడా కనిపించొచ్చు. చివరి దశలో చేయించుకోవడం మేలు.

తెలుపు ఎన్నాళ్ళు ఉంటుంది? ట్రే ఎలా దాచుకోవాలి?

అలవాట్లని బట్టి ఒకటి నుంచి మూడేళ్ళు అనుకోండి. తర్వాత మళ్ళీ మొదటి నుంచి చేయక్కర్లేదు, అదే ట్రేతో కొన్ని రాత్రులు జెల్ పెట్టుకుంటే చాలు. సొంత కొలతతో చేయించిన ట్రే ఈ కారణంగానే లాభం. వాడిన వెంటనే చల్లనీళ్ళ కింద మెత్తటి బ్రష్‌తో కడిగి, ఆరబెట్టి, గాలి ఆడే డబ్బాలో పెట్టండి. వేడినీళ్ళు తగిలితే ఈవీఏ వంకర పోతుంది, మే నెలలో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేసినా అంతే. కుక్క ఉన్న ఇంట్లో అందే ఎత్తులో పెట్టకండి, కొరికి పడేస్తుంది. జెల్ సిరంజిలు ఫ్రిజ్‌లో ఉంచండి, ఫ్రీజర్‌లో వద్దు, ఎండాకాలంలో కొరియర్‌లో తెప్పించుకుంటే గుమ్మం ముందు మధ్యాహ్నమంతా పడి ఉండకుండా చూసుకోండి, వేడికి పెరాక్సైడ్ బలం పోతుంది. రెండేళ్ళ తర్వాత మళ్ళీ వాడేముందు సిరంజి మీద గడువు తేదీ చూడండి, ట్రే పెట్టుకుని అంచు ఇంకా చిగురు గీతకి సరిగ్గా కూర్చుంటోందో లేదో అద్దంలో చూసుకోండి. ఈమధ్య ఏ పన్నుకైనా కొత్తగా క్యాప్ వేయించుకుని ఉంటే పాత ట్రే పట్టదు, కొత్త అచ్చు ఇవ్వాలి.